పేరు తీసేసినా ఉన్నచోటే ఉంది

దగ్గరికి జరిగి కూర్చోండి పిల్లలూ. మీ అమ్మ ఎవరికీ తల వంచని మనిషని ఊరికే అనరు. ఎందుకంటారో చెబుతాను.

అప్పట్లో నేను నూలు మిల్లు క్యాంటీనులో టీ కాచేదాన్ని. మీ అమ్మకు ఆ మిల్లులోనే కంప్యూటర్ల గదిలో పని. దూది ధూళికి దగ్గి దగ్గి ఊపిరాడని ఆడవాళ్లు నలభైమంది. వాళ్లు చెప్పుకున్నదంతా మీ అమ్మ కార్మిక సంఘం గదిలోని పాత కంప్యూటర్లో ఎక్కించి, దానికి ‘ఊపిరి’ అని పేరు పెట్టింది. మిల్లులో ఎక్కడ ఆ పేరు టైపు చేసినా వాళ్ల గోడు మొత్తం తెర మీదికొచ్చేది.

“అదెక్కడుందో దీనికెలా తెలుస్తుందమ్మాయ్?” అని అడిగాను.

“కంప్యూటర్లకు పేర్లు ఎక్కవు అత్తయ్యా, అంకెలే. ఏ పేరుకు ఏ అంకెలో చెప్పే యంత్రం వేరే ఉంది. మనదానికి పది, నాలుగు, పదిహేడు, తొంభై రెండు, మధ్యమధ్యలో చుక్కలు.”

నాకు చదువు రాదు గానీ, చెవిన పడ్డది చచ్చినా పోదు.

తనిఖీ అధికారిణి వచ్చే రోజు పొద్దున్నే, ఆ పేర్ల యంత్రంలోని జాబితాలోంచి ‘ఊపిరి’ని తీసెయ్యమన్నాడు మేనేజరు.

“నా చేత్తో తియ్యను సార్,” అంది మీ అమ్మ.

ఆయనే కూర్చుని తీసేశాడు. పేరు పోతే అసలుదే పోయిందనుకున్నాడు, దద్దమ్మ! ఆ కంప్యూటరు తీగ పీకాలని కూడా తోచలేదు.

మధ్యాహ్నం అధికారిణి క్యాంటీనులోని కంప్యూటరు ముందు కూర్చుని, ఆడవాళ్లు చెప్పిన ఆ పేరు టైపు చేసింది. దొరకలేదంది తెర.

“చెప్పానుగా మేడమ్, అన్నీ గాలి కబుర్లు,” అని నవ్వాడు మేనేజరు.

టీ పళ్లెం కింద పెట్టాను. “పేరెందుకమ్మా, అంకెలు కొట్టు. పది, చుక్క, నాలుగు, చుక్క, పదిహేడు, చుక్క, తొంభై రెండు.”

“ఏయ్ ముసలమ్మా! టీ పొయ్యడానికొచ్చావా, పాఠం చెప్పడానికొచ్చావా?”

“రెండింటికీనయ్యా. నీకు చక్కెర ఎంత వెయ్యను?”

తెర నిండా మా ఆడవాళ్లే. ఆవిడ ఒక్కొక్కరి మాటా చదివేసరికి టీ చల్లారిపోయింది. లేచి నూలు గదులన్నీ తిరిగి చూసి, ధూళి లాగే యంత్రాలు పెట్టేదాకా ఆ గదులు మూసెయ్యమని రాసిచ్చింది.

సాయంత్రం మేనేజరు మీ అమ్మ మీద విరుచుకుపడ్డాడు. “రేపట్నుంచి పనిలోకి రాకు!”

“కాగితం మీద రాసివ్వండి. ఎందుకో కూడా రాయండి,” అంది మీ అమ్మ, కుర్చీలోంచి లేవకుండా. షిఫ్టు ముగిసినా ఇంటికి పోకుండా ఆడవాళ్లంతా వచ్చి వెనక నిలబడ్డారు. ఆయన పెన్ను తీశాడు, వాళ్లను చూశాడు, మూత పెట్టేసి పోయాడు. వాళ్లందరి ముందే మీ అమ్మ ఆ పేరు మళ్లీ ఎక్కించింది.

ఇది గుర్తుంచుకుని మీ పిల్లలకు చెప్పండి. మేనేజరు పొగరు తగ్గించి చెప్పొద్దు. ఆ ఆడవాళ్లలో ఒక్కరిని కూడా వదిలెయ్యొద్దు.