గాలి కుదిరిన రోజు

ఆమె తెరచాపను ఒళ్ళో వేసుకుని, చిరుగు అంచులు రెండూ కలిపి మైనం పూసిన దారంతో కుడుతోంది. గుడ్డ దళసరి. సూది అవతలికి దిగాలంటే తోలుపట్టీ కట్టిన అరచేత్తో నెట్టాలి. ఏళ్ళ తరబడి నెట్టి నెట్టి ఆ చెయ్యి రెండో చేతికంటే వెడల్పయింది.

గుమ్మం పక్కన మడతమంచం మీద ఆమె భర్త ఆకాశం కేసి చూస్తున్నాడు. నిరుడు గుండెజబ్బు పడుకోబెట్టేదాకా అతను చిన్న పడవల్లో సరదాగా తిరగడానికి వచ్చేవాళ్ళకు పడవ నడిపే సరంగు. ఎప్పుడు బయల్దేరమంటావని అందరూ అతన్నే అడిగేవారు. వానాకాలం వద్దనేవాడు, ఈదురుగాలి చెప్పి రాదు. నడివేసవీ వద్దనేవాడు, గాలి ఆడదు, పడవ పెనంలా కాలిపోతుంది. వానలు వెనకపట్టాక, ఎండలు ముదిరేలోపు, ఆ కొద్ది నెలలే మంచివి. పొద్దున నేలగాలి తీసుకెళ్తుంది, మధ్యాహ్నం సముద్రపుగాలి ఇంటికి చేరుస్తుంది.

పెళ్ళయిన కొత్తలో ఆమెనూ దీవుల దాకా తీసుకెళ్తానని మాటిచ్చాడు. కానీ పడవలన్నీ నీళ్ళలోకి దిగేది ఆ నెలల్లోనే. అతనికి ఊపిరి సలిపేది కాదు, ఆమెకు సూది దించే తీరిక ఉండేది కాదు. తీరిక చిక్కేసరికి సముద్రం పొంగేది.

"ఏమే, గాలి కుదిరింది. ఇవాళ పోదామా?" అన్నాడు.

"మెట్లు దిగితేనే ఆయాసం, నీకు పడవ కావాలా?"

"నేనేమన్నా ఈదుతానన్నానా? చుక్కాని పట్టుకు కూర్చుంటా. తాళ్ళు నువ్వు లాగు. ఇన్నేళ్ళూ నన్ను ఆడించినదానివి, తాళ్ళెంత నీకు!"

ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. అంతలో ఆ తెరచాప సొంతదారు లాయరుగారు వచ్చారు.

"సాయంత్రానికి ఇచ్చేయాలమ్మా. రేపు తెల్లారే ప్రయాణం. ఇదే మంచి అదనని మీ ఆయనే చెప్పాడు."

"చెప్పానులెండి," అన్నాడతను, దొంగతనం చేసి దొరికినవాడిలా.

ఆయన వెళ్ళాక ఆమె, "ఈ ఒక్కటీ కానీయయ్యా. రేపు పోదాం. గాలెక్కడికి పోతుంది?" అంది.

"గాలెక్కడికీ పోదులే," అని, గోడ పట్టుకుని లోపలికి వెళ్ళాడు.

గదిలో ఏదో లాగిన చప్పుడు, డబ్బా కిందపడిన చప్పుడు.

"ఏం తవ్వుతున్నావక్కడ?"

"నీకెందుకు? నువ్వు కుట్టుకో."

తర్వాత అలికిడి లేదు. నిద్రపట్టిందనుకుని ఆమె స్థిమితపడింది. రేవులోంచి పడవలు ఒక్కొక్కటే వెళ్ళిపోతున్నాయి. ఆ గాలిని చూస్తుంటే ఆమె మనసు మారింది. రేపటిదాకా ఎందుకు, పొద్దుండగానే ముగిస్తే రేవు సముద్రంలో కలిసే మొగ దాకా అయినా వెళ్ళిరావచ్చు. మధ్యాహ్నం అన్నం మాట కూడా మరిచి కుట్టింది. ఆఖరి ముడి వేసి, దారం పళ్ళతో తెంపి, తెరచాప మడతపెట్టి గుమ్మంలో ఉంచింది. మొహం కడుక్కుని, జుట్టు గట్టిగా ముడివేసుకుంది.

"లేవయ్యా! ఇంకా పొద్దుంది, పోదాం పద," అంటూ లోపలికి వెళ్ళింది.

అతను నేల మీద గోడకు చేరగిలబడి ఉన్నాడు. గడ్డం రొమ్ముకు ఆనింది. ఆమె భుజం తట్టింది. చెయ్యి పట్టుకుంది. ఆ చల్లదనం తెలిసినా వదల్లేదు. పక్కనే కూలబడి, వెడల్పాటి ఆ అరచేతికీ రెండో చేతికీ మధ్య పెట్టుకుని రుద్దుతూనే ఉంది.

అతని ఒళ్ళో ఒక లైఫ్ జాకెట్ ఉంది. ఆమె నడుముకు చాలదని దాని పట్టీకి మరో ముక్క అతికాడు. ఎన్నడూ సూది పట్టనివాడి పెద్దపెద్ద వంకర కుట్లు, వాటి చివర ఇంకా తెంపని దారం.