చెక్కపువ్వులు

బల్ల మీది మైనపు గుడ్డపై ఈస్సాత్ మూడు చక్కెర బిళ్ళలు పెట్టాడు. మొదటిది ఈ ఇల్లు. రెండోది సరస్సు అవతలి గుడిసె. మూడోది దక్షిణాన ఉన్న లోయ.

"మంచు గట్టిగా ఉన్నప్పుడే, పొద్దున్నే బయలుదేరదాం వదినా. దారిలో గుడిసెలో పడుకుని, తెల్లారి లోయలో దిగుదాం. ఎండెక్కితే మంచుబండి కూరుకుపోతుంది. అప్పుడు నిన్నే తోయమంటాను."

"నువ్వెక్కితే కూరుకోక ఏం చేస్తుంది? చలికాలమంతా తెగ మేశావు," అంది రిస్తెన్.

"మేసింది నీ చేతి కూడే కదా!"

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

రిస్తెన్ భర్త యోవ్నా నవంబరులో మంద నుంచి తప్పిపోయిన రెయిన్‌డీర్లను వెతకబోయి తిరిగి రాలేదు. మోటారు బండి చప్పుడుకు అవి బెదురుతాయని స్కీలు కట్టుకుని వెళ్ళాడు. "ముందు గుడిసె వైపు చూస్తా. అటు జాడ లేకపోతే లోయలో దిగుతా," అన్నాడు గడపలో నిలబడి. ఆ మధ్యాహ్నమే మంచుతుఫాను విరుచుకుపడింది. అది తగ్గగానే తమ్ముడు ఈస్సాత్ గుడిసెకు పరుగెత్తాడు. పొయ్యిలో కట్టెలు అంటించకుండా అలాగే ఉన్నాయి. అంటే అన్న అక్కడిదాకా రానేలేదు, గాలికి దారి తప్పి లోయలో పడ్డాడు. ఊరు ఊరంతా లోయను గాలించింది. హెలికాప్టర్ కూడా వచ్చింది. ఆ తర్వాత మంచు మీద మంచు పడింది, వెతికేవాళ్ళు ఇళ్ళకు పోయారు.

ఇప్పుడు ఏప్రిల్. ఇంకొన్నాళ్ళలో ఈస్సాత్ మందను తోలుకుని సముద్రతీరానికి కదలాలి. అతను తిరిగొచ్చేసరికి మంచు కరిగి ఏర్లు పొంగుతాయి. నీళ్ళు మిగిల్చింది కాకులు మిగల్చవు. చర్చి వెనక అత్తమామల సమాధుల పక్కన యోవ్నాకు చోటుంది. అందులో పెట్టడానికి రిస్తెన్‌కు తన మనిషి కావాలి. ఉత్త పేరు చెక్కిన రాయి వద్దు. వెతకడానికి మిగిలింది ఈ ఒక్క ప్రయాణమే.

ఆమె సంచి సర్దసాగింది. ఎండు మాంసం, కాఫీ, జున్ను, పార, తాడు. పడుకోవడానికి రెండు తోళ్ళు. వాటిపైన ఇంకో తోలు వేసింది. అదెందుకో ఇద్దరికీ తెలుసు. చివర్లో పొయ్యి రాజేయడానికని ఎండిన బర్చ్ చెట్టు బెరడు చేతిలోకి తీసుకుంది.

"అది దండగ. గుడిసెలో పొయ్యి పేర్చే ఉంది. చెక్కపువ్వులు కూడా పెట్టి ఉన్నాయి. ఒక్క అగ్గిపుల్ల చాలు."

రిస్తెన్ చేయి గాల్లోనే ఆగింది.

"ఏం పువ్వులు?"

"అదే, పుల్లను చెక్కి, పొట్టు ఊడకుండా పువ్వులా విప్పుతాం కదా..."

"ఈస్సాత్, ఆకురాలే కాలంలో ఆ గుడిసె ఆఖర్న వదిలింది నేను. పొయ్యి పేర్చింది నేను. బెరడు పెట్టాను. పువ్వులు చెక్కడం నాకు ఈ జన్మలో రాదని అన్నదమ్ములిద్దరూ నన్ను ఎన్నిసార్లు ఏడిపించలేదు?"

ఈస్సాత్ లేచి నిలబడ్డాడు.

ఆ పీఠభూమిలో గుడిసెలకు తాళాలుండవు. తలదాచుకున్నవాడు పోతూ పోతూ తర్వాతివాడి కోసం పొయ్యి పేర్చి పోవాలి. వచ్చేవాడి వేళ్ళు కొయ్యబారి ఉండొచ్చు, అగ్గిపుల్ల గీయడమే అతనికి గగనం కావచ్చు. ఎంత తొందరలో ఉన్నా ఇది మరిచినవాణ్ణి అక్కడ మనిషిగా లెక్కేయరు. యోవ్నా మరవలేదు. వచ్చాడు, తుఫాను ఆగేదాకా చలి కాచుకున్నాడు, పొయ్యి పేర్చి వెళ్ళాడు. ఆ మర్యాదే అతని జాడను చెరిపేసింది.

"నువ్వు పేర్చిందే అనుకున్నా వదినా. చూశాను, తలుపేశాను, వచ్చేశాను..."

రిస్తెన్ మూడో చక్కెర బిళ్ళను తీసి తన కాఫీలో వేసుకుంది.

"లోయకు వద్దు," అంది.

* * *

మర్నాడు గుడిసె తలుపు తీసి ఆమె నేరుగా పొయ్యి ముందు మోకరిల్లింది. చెక్కపువ్వుల రేకులన్నీ, అందరూ చెక్కేవాటికి ఎదురు దిక్కుగా తిరిగి ఉన్నాయి. యోవ్నాది ఎడమచేతి వాటం. ఆమె వాటిని ముట్టుకోలేదు. లేచి, పార తీసుకుని బయటికి నడిచింది.

గుడిసె వెనక బర్చ్ చెట్ల వాలు. దాన్ని దాటితే ఒక బండరాయి. ఎండకు కుంగిన మంచులోంచి, ఆ రాతి పక్కన, స్కీ మొన ఒకటి పైకి పొడుచుకొచ్చి ఉంది.

ముందు రిస్తెనే తవ్వింది. యోవ్నా రాతి చూరు కింద ముడుచుకుని ఉన్నాడు. కుడికాలు మోకాలి కింద విరిగింది. రెండో స్కీని కాలికి కట్టుగా పెట్టి, పట్టీతో బిగించుకున్నాడు. ముఖం గుడిసె వైపు ఉంది. అక్కడినుంచి పొగగొట్టం కనిపిస్తోంది.

ఈస్సాత్ మంచులో కూలబడ్డాడు.

"వదినా, ఆ రోజు నేను గుమ్మంలో నిలబడి ఒక్క కేక వేసుంటే..."

రిస్తెన్ భర్త కోటు గుండీలు విప్పి, నడుముకున్న తోలుసంచిని తడిమింది. వెళ్ళేరోజు అందులో ఎండు మాంసం కూరింది తనే. రోజూ కొంచెం కొంచెం కొరుక్కుంటే చాలా రోజులు వచ్చేంత. సంచి ఖాళీ. అడుగున ఒక్క నలుసైనా లేదు.

ఆమె దాన్ని చటుక్కున తన కోటులోకి తోసేసింది.

"అదేంటి?" అన్నాడు ఈస్సాత్. అతని పళ్ళు టకటకలాడుతున్నాయి.

"తిండి సంచి."

"అందులో... ఏమైనా తిన్నాడా?"

"ముట్టనే లేదు. పడ్డ రోజే పోయినట్టున్నాడు. నువ్వు గుడిసెకు వచ్చేసరికే లేడు. లే, పట్టు."

ఈస్సాత్ ఆమె కళ్ళలోకి చూశాడు. నమ్మాడో, నమ్మాలనుకున్నాడో, లేచి అన్న భుజాల కింద చేతులు పెట్టాడు.

యోవ్నాను మంచుబండి వెనక కట్టిన జారుడుబండి మీద పడుకోబెట్టి, ఆ మూడో తోలు కప్పారు. అప్పటికి ఈస్సాత్ నడుందాకా తడిశాడు, పెదాలు నీలం తిరిగాయి. రిస్తెన్ అతన్ని గుడిసెలోకి తోసి అగ్గిపెట్టె తీసింది. భర్త పేర్చిన ఆఖరి పొయ్యి అది. అయినా పుల్ల గీసింది. పువ్వులు చిటపటమని ఒక్కసారిగా మండిపోయాయి. కట్టెలు అందుకున్నాయి.

ఈస్సాత్ అటు తిరిగి బట్టలు విప్పుకుంటుండగా, ఆమె తోలుసంచిని మంటల్లోకి జారవిడిచింది.

"ఏదో కమురు వాసన వస్తోంది."

"నా చేతితొడుగు. పాతదైపోయింది."

బట్టలు ఆరాక అతను తాళ్ళు బిగించడానికి బయటికి వెళ్ళాడు. రిస్తెన్ బూడిద తీసి, కొత్త కట్టెలు పేర్చింది. బెరడు పెట్టబోయి ఆగింది. భర్త మొలలోంచి తీసుకున్న కత్తితో ఒక పుల్లను చెక్కడం మొదలుపెట్టింది. మొదటి రేకు తెగిపోయింది. రెండోదీ తెగింది.

"వదినా, పొద్దు వాలుతోంది!" అని బయటినుంచి పిలిచాడు ఈస్సాత్.

"ఉండు, వస్తున్నా," అంటూ ఆమె ఇంకో పుల్ల అందుకుంది.