పదహారో ఆట

మళ్ళీ ఓడింది కాబోలు, ఆ పాత లాప్‌టాప్ రొద ఆగిందంటే ఓడినట్టే, పొద్దుటినుంచీ చూస్తోందిగా మరియమ్మ, లోపల ఫ్యాను గుర్రుగుర్రుమని, మాడిన వైరు వాసన కొట్టి, చివరికి తెర మీద చదరంగం రాజు పడిపోతాడు, అత్తా, పదహారో ఆట, నాదే, రాసుకో అంటాడు బెంజమిన్ కుర్చీలో వెనక్కి వాలి జంతికలు నములుతూ, ఆ నమిలే చప్పుడుకి మరియమ్మ కుర్చీ అవతలికి జరుపుకుంది, సొంత తమ్ముడి కొడుకు, రాజోలు కాలేజీలో లెక్చరరు, తన ఒళ్ళో పెరిగినవాడు, వాడి మూతి వంక చూడబుద్ధి కాకపోవడం ఇదే మొదలు, అయినా రాసింది, పదహారు, బెంజమిన్ ప్రోగ్రాం, గెలుపు, మొగుడు పోయేక, యాభై దాటేక, చర్చి వరండాలో పలక పట్టుకుని నేర్చుకున్న అక్షరాలు, వీటితో బైబిలు చదివింది, బస్సు బోర్డులు చదివింది, ఇలాంటి రోత రాయాల్సొస్తుందని అనుకుందా.

కాలేజీ తరఫున కాకినాడ పోటీకి వెళ్ళేది ఒక్క చదరంగం ప్రోగ్రామేనట, వీడిదో, వీడి దగ్గర చదువుకునే క్రాంతికుమార్‌దో, ఏది గట్టిదో తేల్చడానికి ఇరవై ఆటలు, వాటంతటవే ఆడుకుంటాయి, లెక్క రాసి సంతకం పెట్టేది మాత్రం మూడో మనిషి, ఎవరైతే బాగుంటుందని ప్రిన్సిపాలుగారు అడిగితే ఆ క్రాంతే అన్నాట్ట, సారు మేనత్తగారైతే చాలండి, ఆవిడ లేనిది రాయరండి అని, పొద్దున్నే పరీక్షకి వెళ్తూ గుమ్మంలో ఆగి విడమర్చి చెప్పేడు కూడా, ఆటకి ఒక్కోదానికి పదేసి నిమిషాలేనండి, ఆ పదిలో ఎన్ని ఎత్తులు ముందుకి చూస్తే అంత బలం, ఈ రెండు లాప్‌టాప్‌లలో పాత మిషన్ నెమ్మదండి, దాని మీద ఎంతటి ప్రోగ్రామైనా తక్కువే చూస్తుంది, అందుకని ఆట ఆటకీ మిషన్లు మార్చాలండి, ఆయ్, మార్చకపోతే ఎలాగ అంది తను, మార్చింది ఎవరు, మూత పగిలి ప్లాస్టరు అంటించిన ఆ పాతది కిటికీ పక్కనుంచి కదల్లేదు, దాని మీద ఆడుతున్నది క్రాంతి ప్రోగ్రామే, ఏరా మార్చవేం అంటే, మార్చేనత్తా, నువ్వు టీ పెట్టడానికెళ్ళినప్పుడు అన్నాడు, ఏ టీ, పొద్దున్న పాలు విరిగిపోతే తూములో పారబోసింది కదా, ఆ పులుపు వాసన ఇంకా చేతులకుంది, తడుముకోకుండా ఎలా అన్నాడు, ఛీ.

సంతకం పెట్టెయ్యత్తా, మిగతా నాలుగూ చూసేదేముంది, పదమూడు నావి, మూడు వాడివి, పాపం మంచి కుర్రాడే గానీ ప్రోగ్రాంలో పస లేదు అంటున్నాడు, పస లేదు, ఈ మాట ఎక్కడో విన్నది, మలికిపురం కొబ్బరి కొట్టులో తన మొగుడి గురించి షావుకారు అన్న మాట, ఏసుదాసుకి లోవరాజంత పస లేదమ్మా అని, ఆ కొట్టులో కాయలొలిచే ఇద్దరికీ పోటీ పెట్టేరు, ఎక్కువ కాయ ఒలిచినవాడు మేస్త్రీ అని, లోవరాజు ముందు అప్పుడే దింపిన కాయ, ఏసుదాసు ముందు రాశి అడుగున ఎండి బిగిసిపోయిన కాయ, అది ఎవరూ రాసుకోలేదు, కాయలే లెక్కపెట్టేరు, చేతులు చీరుకుపోయి ఇంటికొచ్చి, అడుగు కాయ నాకు పోసేరే మరియా అన్నాడు, ఆ మాట షావుకారుతో కాదు, ఊళ్ళో ఎవరితోనూ కాదు, తనతో అన్నాడు.

ఏంటత్తా రాస్తున్నావ్, సంతకమే కదా అంటూ లేచేడు బెంజమిన్, జంతిక ముక్క కింద పడింది, మరియమ్మ తలెత్తలేదు, కలం గట్టిగా నొక్కి పట్టుకుని, పదహారు ఆటల్లోనూ మిషన్లు మార్చలేదు అని వంకరగా, పెద్దగా రాసి కింద సంతకం పెట్టింది, అత్తా నా పరువు అని వాడు అరుస్తున్నాడు, వాడి మీద పుట్టిన రోత వాడి దగ్గర ఆగకుండా వెనక్కి, తన వంటింట్లోకే వస్తోంది, అడుగు కాయ మాట విన్న పూట అతని కంచంలో కూర వేస్తూ, ఓడినోళ్ళందరూ అదే చెప్తార్లే అంది తను, ఏసుదాసు తలొంచుకుని తిన్నాడు, పోయేదాకా మళ్ళీ ఆ ఊసెత్తలేదు, అతన్ని ఓడించింది లోవరాజూ కాదు, షావుకారూ కాదు, ఏ కాయ పోసేరు అని అడక్కుండా కూర వడ్డించిన తను.