గంజి పెట్టని చొక్కాలు

ఇస్త్రీ కొట్టు నానమ్మ లెక్క ప్రకారం గంజి పెట్టని బట్ట బట్టే కాదు. అందుకే పాలు తాగే మనవడి చొక్కాలకి కూడా గంజి దట్టించి, ఇస్త్రీ చేసి తొడిగేది. వాడు మెడ తిప్పలేక బిగుసుకుపోతే, "అబ్బో, దొరబాబే!" అని మురిసిపోయేది.

ఎండలు ముదిరాయి. వాడి మెడ మీదా వీపు మీదా చెమటకాయలు లేచాయి. ఆవిడ పౌడరు గుమ్మరించింది. తగ్గలేదు సరికదా, మెడ ముడతల్లో పౌడరు ముద్దకట్టింది. దాని మీద నూనె రాసింది. పిల్లాడు ఇల్లెగిరిపోయేలా ఏడ్చాడు. సోమవారం నుంచి కోడలు ఉద్యోగానికి వెళ్ళాలి. పిల్లాణ్ణి అత్త దగ్గర వదలాలా, వీధి చివర క్రెష్‌లో వేయాలా అన్నది ఇంకా తేలలేదు. ఇది చూసి క్రెష్‌కే పంపేస్తుందేమోనని నానమ్మ భయపడింది.

ఆసుపత్రిలో నర్సు ఆ చొక్కా కాలరు వేళ్ళతో నలిపి చూసింది.

"ఇదేంటమ్మా, అట్టముక్కలా ఉంది? ఇందులో గాలెలా ఆడుతుంది? పౌడరొద్దు, నూనొద్దు. మామూలు నీళ్ళతో ఒళ్ళు కడిగి, మెత్తటి గుడ్డతో అద్దండి, రుద్దకండి. వదులుగా నూలు బట్టలెయ్యండి. రెండు మూడు రోజుల్లో తగ్గకపోతే తీసుకురండి. జ్వరమొచ్చినా, చీము పట్టినా అసలు ఆగకండి."

"మరి మందు?"

"ఇదే మందు."

దారిలో కోడలు పిల్లాడి చొక్కా విప్పేసి, కొంగుతో విసురుతూ నడిచింది. నాలుగు తిట్టినా బాగుండేది అనుకుంది నానమ్మ.

ఇంటికి రాగానే ఊయలని ఇస్త్రీ బల్ల వేడికి దూరంగా, వెనక గది కిటికీ దగ్గరకి మార్చింది. చొక్కాలన్నీ తొట్టిలో వేసి, నీళ్ళు మార్చి మార్చి గంజి వదిలేదాకా పిసికి, కొట్టు ముందే ఆరేసింది. ఇస్త్రీ మాత్రం చెయ్యలేదు.

"ఇస్త్రీ కొట్టు ముందు ఈ నలిగిన గుడ్డలేంటి పెద్దమ్మా? పరువు పోదూ?" అన్నాడు పాలవాడు.

"పోతే పోనీ! పిల్లాడి ఒంటికన్నా ఎక్కువా నా పరువు? నీ పని చూసుకో."

వారాంతానికి చెమటకాయలు మాడిపోయాయి. అయినా పిల్లాణ్ణి తన దగ్గరే ఉంచమని అడగడానికి ఆవిడకి ధైర్యం చాలలేదు. అడిగి కాదనిపించుకోవడం కన్నా ఇదే మేలనుకుని, సోమవారం పొద్దున తనే పిల్లాడి సంచీ సర్ది గుమ్మంలో పెట్టింది.

"క్రెష్ వాళ్ళకి చెప్పమ్మా, పౌడరు వెయ్యొద్దని..." అంది నానమ్మ.

కోడలు చెప్పులు వేసుకుంటూ సంచీ వంక చూసింది.

"వాళ్ళకి మళ్ళీ మొదట్నుంచీ ఎవరు నేర్పుతారత్తయ్యా? మీకైతే నేర్పడం అయిపోయిందిగా."

పిల్లాణ్ణి ఆవిడ చేతుల్లో పెట్టి, బస్సు కోసం పరుగెత్తింది.