రెండో చప్పుడు

జెల్ అయిపోయిందని కొబ్బరినూనె రాస్తే మాత్రం ఈ మెషీన్‌కి బిడ్డ గుండె వినిపిస్తుందా, వినిపించకపోయినా వినిపించిందనే అంటుంది భాగ్యలక్ష్మక్క, ఆమె నర్సేం కాదు, భేస్తాన్‌లోని క్లినిక్‌లో ఆయా, కరోనాకి భయపడి డాక్టరమ్మ క్లినిక్ మూసేసి పోతే ఈ మెషీన్‌ని సంచిలో వేసుకొచ్చింది, నంబరు కనిపించే అద్దం పగిలిపోయి చప్పుడొక్కటే మిగిలింది దీనికి, డాక్టరమ్మే ఇచ్చిందంటుంది, బాగున్నదైతే ఎందుకిస్తుంది, జర కాళ్లు సాపు హారతీ, గట్ల బిగవట్టకు అంటోంది అక్క, తొమ్మిదో నెల పొట్ట మీద నూనె చల్లగా పాకుతోంది, నిన్న మధ్యాహ్నం అన్నం తింటుంటే కుడిపక్క ఒక్కసారి తన్నింది, ఆ తర్వాత లేదు, లేదంటే లేదు, తన్నినప్పుడల్లా ఒకటి వేద్దామని పొద్దున్నే గిన్నె, దారం అయిపోయిన ఖాళీ కండెలు దగ్గర పెట్టుకున్నాను, గిన్నెలో ఒక్క కండె పడలేదు, ఇప్పుడు ఆ గిన్నే కనిపించడం లేదు, అత్తమ్మ ఎందుకు తీసేసింది, నేను చూడకూడదనేగా.

నెలలు నిండినంక లోపల జాగ ఉండది బిడ్డా, మెల్లగ పండుకుంటది అంటుంది అత్తమ్మ, గల్లీలో ఎవరికి నొప్పులొచ్చినా ముందు మా అత్తమ్మనే, లింగవ్వనే పిలుస్తారు, అంత తెలిసిన మనిషి నా మొహం చూసి చెప్పొచ్చు కదా, గోడకేసి చెబుతుంది, మా ఆయన నరహరి అయితే ఇందాక వంటింట్లో తల్లితో గుసగుసలు, నేను వెళ్లగానే బియ్యం ఎన్ని రోజులొస్తయే అమ్మా అన్నాడు, బియ్యానికి గుసగుసలెందుకు, దవాఖానకి పోదామని పొద్దున్నుంచి మూడుసార్లన్నాను, ఏంది హారతీ, ఆడ మొత్తం కరోనా, నన్ను గేటుకాడనే ఆపుతరు, నువ్వొక్కదానివే లోపలికి పోవాలె అన్నాడు, అంటుంటే కళ్లల్లో నీళ్లు, నామీద బెంగా లేక ఏదో తెలిసి దాస్తున్నాడా, నీకు అన్నిటికీ అనుమానమే అంటాడు, అవును, అనుమానమే, మీరు ముగ్గురూ ఒకటైతే నేనింకేం చేయను.

అగో అగో, వచ్చింది, అంది అక్క, మెషీన్‌లోంచి బుస్సు బుస్సుమని చప్పుడు, అత్తమ్మ కళ్లు మూసుకుని రెండు చేతులూ జోడించింది, నరహరి ఎన్నాళ్లకో నవ్వాడు, మంచిగ నడుస్తుంది అన్నాడు, నలభై సాంచె మగ్గాలు మోగుతుంటే షెడ్డు గుమ్మంలో నిలబడి ఏ మగ్గం లయ తప్పిందో చెప్పే మనిషి, ఆ చెవిని నమ్మాలి నేను, నమ్ముదామనే ఉంది, దేవుడా నమ్మాలనే ఉంది, కానీ హోళీకి ముందు క్లినిక్‌లో విన్నది ఇలా లేదు, ఊపిరి తీసుకోకుండా పరిగెత్తింది అది, ఎక్కడికే అంత తొందర అని నవ్వాను కూడా, ఇదేమో నింపాదిగా ఉంది, పెద్దగైంది కదా, నిదానిస్తదిలే అంటోంది అక్క, ఆమె దగ్గర అన్నిటికీ జవాబుంది, మా బట్ట కొనే రింగ్ రోడ్డు సేఠ్ ఫోన్ ఎత్తడం మానేసి నెల దాటింది, కింద షెడ్డులో సాంచెలు ఆగిపోయి ఇల్లంతా ఈ చప్పుడే, అంతలో రోడ్డు మీద అంబులెన్స్ కూత, మా గల్లీకేనా, నా గుండె గుభేలుమంది, మెషీన్ కూడా అప్పుడే దడదడలాడింది, బండి ఆగకుండా సచిన్ ఊరి వైపు పోయింది, నా దడ తగ్గింది, మెషీన్ దడా తగ్గింది.

లోపలున్నదానికి అంబులెన్స్ అంటే ఏం తెలుసు.

చీర కొంగు కింద మణికట్టు మీద వేలు పెట్టుకున్నాను, ఎవరూ చూడకుండా, వేలి కింద ఒకటి, మెషీన్‌లో ఒకటి, వేలి కింద ఒకటి, మెషీన్‌లో ఒకటి, ఇరవై దాకా లెక్కపెట్టినా ఒక్కటీ తప్పలేదు, అక్కా జర పక్కకు పెట్టు అన్నాను, పక్కన వట్టి గరగర, ఇంకా పక్కన గరగరే, మళ్లీ మొదటి చోటికొస్తే అదే నింపాది, ఇగో, నీ ఏలు ఈడ పెట్టు, అని నరహరి చెయ్యి గుంజి నా మణికట్టు మీద పెట్టాను, ఏంది, అన్నాడు, వినూ అన్నాను, విన్నాడు, ఆ చెవికి ఎంతసేపు పడుతుంది, మొహంలో నవ్వు పోయింది, అత్తమ్మ ఇంకా మొక్కుతూనే ఉంది, ఏమైందిరా అంటోంది అక్క, పాపం, ఆమెకీ తెలియదు, ఎవరూ ఏదీ దాచలేదు, దాచడానికి వీళ్ల దగ్గర ఏమీ లేదు, భయపడి నా గుండెనే విని, నా గుండెకే మొక్కి సంతోషపడ్డారు, నా బిడ్డ గుండెని ఇవాళ ఇంకా ఎవ్వరూ వినలేదు, వినే మెషీన్ దవాఖానలో ఉంది, లెవ్వు, బండి తియ్యి అన్నాను నరహరితో, గేటు దగ్గర నిన్ను ఆపితే ఆపనీ, నేనొక్కదాన్నే లోపలికి పోతాను.