మా అక్క మూయించిన బోరు

మా అక్కంత మొండిఘటం ఈ ఊళ్ళో ఇంకొకరు లేరు. ఈ మాట ముద్దుగా అంటున్నాననుకునేరు. చాలాకాలం పళ్ళు కొరుకుతూనే అన్నాను.

మా ఊరి వెనక కొండ ఉంది. దాని కడుపులో, బాగా లోతున, రాతిని తొలిచి గదులు చేశారు. అణువిద్యుత్ కేంద్రాల్లో వాడగా మిగిలిన వ్యర్థాలను ఉక్కు పీపాల్లో బిగించి, ఆ గదుల్లో పెట్టి, చుట్టూ బంకమట్టి కూరి మూసేస్తారు. రాయి గట్టిదే, పీపాలూ దిట్టమైనవే. అయినా నీటిని మాత్రం నమ్మకూడదంటుంది అక్క. సన్నని చీలిక దొరికితే చాలు, దూరిపోయి అందినదాన్ని మోసుకుపోతుందట. అందుకే కొండ చుట్టూ గొట్టపు బావులు వేసి, ఆ నీళ్ళు పరీక్షించే విభాగం ఒకటి పెట్టారు. దానికి పెద్ద మా అక్కే. ఎప్పుడు చూసినా చేతిలో సీసాల బుట్ట ఉంటుంది కనుక ఊరంతా ఆవిడను సీసాలమ్మ అంటుంది.

కొండ దిగువన నాకో మొక్కల నర్సరీ ఉండేది. అందులోని బోరు కూడా అక్క పరీక్షించే వాటిలో ఒకటి. ఆవిడ వచ్చిందంటే నాకు ఒళ్ళు మంట. ముందు మోటారు వేయించి, గొట్టంలో నిలవున్న నీళ్ళన్నీ పారబోయిస్తుంది. ఆ నీళ్ళలో ముంచిన మీటరులో అంకె కదలడం మానేదాకా సీసా మూత తియ్యదు.

"తల్లీ, నీళ్ళేగా! ఏవో నాలుగు చుక్కలు పట్టుకుని పోరాదూ?" అనేదాన్ని.

"నిలవ నీళ్ళు గొట్టం సంగతి చెప్తాయే. నాక్కావలసింది రాతి లోపలి సంగతి," అనేది.

అంతటితో అయిందా? పరీక్షశాల నుంచి తెచ్చిన శుద్ధమైన నీళ్ళను కూడా బోరు పక్కనే మూత తీసి, ఇంకో సీసాలోకి వంచి బిగించేది. దాన్ని ఉత్తి సీసా అంటారు. మన చేతుల్లోంచో గాలిలోంచో ఏదైనా కలిస్తే అది పట్టిస్తుందట. నీళ్ళు తెచ్చి నీళ్ళ పక్కన ఒంపడానికి జీతం కూడానా అని, ఆ విభాగంలోనే వ్యాను నడిపే మా బావను ఏడిపించేదాన్ని.

"నన్నెందుకు ఏడిపిస్తావు మరదలా? మీ అక్కను చేసుకున్నాను, అది చాలదూ?" అనేవాడాయన.

ఎండలు ముదురుతున్న రోజుల్లో, మళ్ళనిండా నారు నిలబడి ఉన్నప్పుడు, అక్క చేతిలో బుట్ట లేకుండా వచ్చింది. ఆవిడ ఒట్టి చేతులతో రావడం అదే మొదలు.

"నీ బోరులో ట్రిటియం కనబడిందే. మోటారు ఆపెయ్," అంది.

ట్రిటియం అంటే ఏమిటో అక్క చెల్లెలిని కనుక నాకు తెలుసు. అది హైడ్రోజన్‌లో రేడియోధార్మికత ఉన్న రకం. నీటిలో భాగమైపోయి నీటితోనే నడుస్తుంది. మరిగించినా పోదు, వడపోసినా పోదు. కొండలోంచి ఏదైనా బయటపడితే అందరికంటే ముందు వచ్చేది అదే.

"తాగితే చస్తామా?" అన్నాను.

"చావం. తాగేనీళ్ళకు పెట్టిన హద్దుకు చాలా కిందే ఉంది."

"మరింకేం రోగం?"

"ఇన్నేళ్ళూ లేనిది ఇప్పుడెందుకుంది? నువ్వు మోటారు వేసేకొద్దీ కొండవైపు నీళ్ళను ఇటు లాగుతున్నావు. నీ తర్వాత ఉన్నది బడి బావి. ఆ తర్వాత ఊరి కుళాయిలు."

"నా నారు ఎండిపోతే నువ్వొచ్చి తడుపుతావా?" అని అరిచాను.

"తడుపుతాను," అంది.

అన్నంత పనీ చేసింది మహాతల్లి! రోజూ పొద్దున్నే వాళ్ళింటి కుళాయి నీళ్ళు క్యాన్లలో నింపుకుని, బావచేత వ్యానులో మోయించుకొచ్చి, మోకాళ్ళ నొప్పులతో వంగి ఒక్కో మొక్కకూ పోసేది. నేను పలకరించేదాన్ని కాదు. ఆవిడ నా పలకరింపు కోసం చూసేదీ కాదు. అంత తోటకు ఆ నీళ్ళు ఏ మూలకు? ముందు పూలమొక్కలు తలలు వాల్చాయి, తర్వాత పండ్ల నారు కూడా వాడిపోసాగింది.

ఇంతలో ఒక పొద్దున, అక్కా బావా నీళ్ళు పోస్తుండగా, కొండమీది మేనేజరు నవ్వుకుంటూ వచ్చాడు. ఉత్తి సీసా ఫలితం ఆలస్యంగా వచ్చిందట, అందులో కూడా ట్రిటియం తేలిందట. అంటే అది భూమిలోంచి వచ్చింది కాదు, పట్టేవాళ్ళు అంటించింది! ఎవరంటించారో కూడా కనిపెట్టాడు. బావ చేతికి పాత గడియారం ఒకటి ఉంది. చీకట్లో అంకెలు పచ్చగా మెరుస్తాయని సంబరంగా కొనుక్కున్నాడు. ఆ మెరిసే పూతలో ఉన్నది ట్రిటియమే. అలాంటివి పెట్టుకుని సీసాలు ముట్టుకోకూడదని ఆ విభాగంలో పనిచేసే వాళ్ళందరికీ తెలుసు. కానీ డ్రైవరుకెవరు చెప్తారు? ఆ నీళ్ళు పట్టిన రోజు అక్కకు చెయ్యి పట్టేసిందని బావే మూతలు తీశాడు.

నాకైతే నవ్వాగలేదు. బావ చెయ్యి పట్టుకుని ఊపేశాను. "నా కొంప ముంచి తేల్చావు కదయ్యా బావా!"

"గడియారం వల్లేనని రాసి ముగించేద్దాం మేడమ్," అన్నాడు మేనేజరు. ఆయన మంచివాడే. అక్కడ ఎవరున్నా అదే మాట అంటారు. నేనప్పటికే మోటారు స్విచ్చు దగ్గరికి పరుగెత్తాను.

"ఆగవే!" అని అక్క అరిచింది. "మూత తీసింది నా మొగుడు, తియ్యనిచ్చింది నేను. ఆ తప్పు నా పేరునే రాయండి సార్. కానీ ఉత్తి సీసాలో ఉన్నదానికంటే బోరు నీళ్ళలో ఎక్కువుంది."

"బోరు సీసా గడియారానికి ఇంకా దగ్గరగా ఉందేమో?"

"ఉందేమో. లేదేమో. నాకు తెలీదు. తెలీనప్పుడు తెలీదనే రాస్తాను. నీళ్ళు మళ్ళీ పడతాను."

చెప్పొద్దూ, ఆ క్షణంలో ఆవిడ పీక పిసికేద్దామనిపించింది. తేలిగ్గా బయటపడే దారి ఎదురుగా ఉంది. తన కొండకు మచ్చ రాదు, చెల్లెలి తోట బతుకుతుంది. ఆవిడ ఆ దారివైపు కన్నెత్తి చూడలేదు. బావను వీధి చివర వ్యానులోనే కూర్చోబెట్టి, మళ్ళీ నిలవ నీళ్ళు పారబోసి, అంకె నిలిచేదాకా కాచుకుని, తన చేత్తో పట్టింది. సగం సీసాలు వేరే ఊరి పరీక్షశాలకు పంపింది.

ఫలితం చెప్పడానికి తనే వచ్చింది. ఈసారి ఉత్తి సీసా శుభ్రంగా ఉంది. బోరు నీళ్ళు శుభ్రంగా లేవు.

"నిజంగానే ఉందే," అంది. ఎండిన మడి గట్టుమీద కూలబడి ఏడ్చింది. కొండ గట్టిదని ఊళ్ళో అందరికీ ఇన్నేళ్ళుగా చెబుతూ వచ్చింది ఆవిడే మరి. నేను పక్కన కూర్చున్నాను. అంత కోపమూ ఎటు పోయిందో నాకే తెలియదు.

కొండకు పీపాలు రావడం ఆగిపోయింది. గదులు తొలవకముందు రాతిని చూడటానికి వేసిన పాత రంధ్రం ఒకటి సరిగ్గా పూడలేదని, దాని వెంబడే నీళ్ళు గదుల్లోకి దిగి బయటికి వస్తున్నాయని కనిపెట్టారు. దాన్ని పూడ్చే పని మొదలైంది. నా బోరుకు శాశ్వతంగా మూత బిగించారు. నర్సరీ పోయింది.

తర్వాత ఈ సంగతి మాట్లాడటానికి బడి హాల్లో ఊరంతా చేరింది. అందరికీ భయం, భయం వెంట కోపం. వెనక వరసలో మా ఊరి మెకానిక్ లేచి అక్కవైపు వేలు చూపించాడు. "వాళ్ళ జీతం తింటూ వాళ్ళ గుట్టంతా బయటపెడుతుందా ఈవిడ? ఈవిడ చెప్పే అంకెలు నమ్మేదెలా?"

అక్క తల దించుకుంది. నాకు తిక్క నషాళానికంటింది. లేచాను.

"ఏమయ్యా, నా నర్సరీ ఎక్కడుందో చూపించు! మీ ఇంటావిడ గులాబీలు కొనే నర్సరీ! మూయించింది ఎవరు? తోడబుట్టిన అక్క! గడియారం వల్ల అని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. నేనే ఆ ముక్క రాయమని కాళ్ళావేళ్ళా పడేదాన్ని. రాయలేదు. ఈ నీళ్ళు కొలవడానికి ఇంతకంటే నిక్కచ్చి మనిషి దొరికితే తీసుకురా, నేనూ చూస్తాను!"

బడిలో పిల్లలకు వండే ఆవిడ గుమ్మం దగ్గర నిలబడి ఉంది. పొయ్యిమీద పెట్టాల్సిన గిన్నె ఇంకా చేతిలోనే ఉంది.

"అమ్మా, బడి బావి నీళ్ళతో ఇవాళ వండొచ్చా?" అని అక్కను అడిగింది.

"కిందటివారం పట్టిన నీళ్ళలో ఏమీ లేదు. వండొచ్చు," అంది అక్క. "ఈ వారానివి ఇంకా తేలలేదు. తేడా వస్తే నేనే వచ్చి ఆపమంటాను."

వంటావిడ ఒకసారి నావైపు చూసింది. తర్వాత అక్కవైపు చూసి, "సరేనమ్మా," అని బావి దగ్గరికి వెళ్ళిపోయింది. ఆమెను ఎవరూ ఆపలేదు.