సీడీ పెట్టే సందు

కారులో సీడీ పెట్టే సందు ఇక లేదన్న సంగతి నారాయణరావుకి ఎవరూ చెప్పలేదు. చెప్పినా నిలిచేది కాదు. కొంతకాలంగా ఆయనకి నిన్నటి సంగతి నిన్నటితోనే పోతోంది. నూజివీడులో జీవితమంతా మామిడి వ్యాపారం చేసిన మనిషి, తువాలు కింద అవతలివాడి వేళ్లు పట్టుకుని నోరు మెదపకుండా బేరం తెంచిన మనిషి, ఇప్పుడు సొంత కొట్టు ముందు నిలబడి "ఈ కొట్టు ఎవరిదండీ" అని దారినపోయేవాళ్లని అడుగుతున్నాడు.

ఆయన మరిచినా చేతులు మాత్రం ఏదీ మరవలేదు. కారెక్కగానే తలుపు అరలోంచి సీడీల సంచి తీసి, ఎర్ర చుక్క ఉన్న సీడీ వెతికి, అంచులు పట్టుకుని సందులోకి నెట్టేవాడు. ఆ చుక్క, గంపల మీద కొట్టు గుర్తు వేసే రంగుతో ఒకప్పుడు ఆయనే పెట్టుకున్నది. స్టీరియో ఆ సీడీని మెల్లిగా లోపలికి లాక్కునేది. పాట ఎక్కడైనా కుంటితే రెండు వేళ్లతో స్టీరియో నెత్తిన తట్టేవాడు, అది మళ్లీ దారిన పడేది. ఇక ఇంటికొచ్చేదాకా చేతులు ఒళ్లో పెట్టుకుని బుద్ధిగా కూర్చునేవాడు. పాట లేకపోతే మాత్రం నడుస్తున్న కారు తలుపు తీయబోయేవాడు. ఒకసారి బాపులపాడు దాటాక నిజంగానే తీశాడు. ఆ రోజు నుంచి ఆయన భార్య పుష్పావతి, వెనక సీట్లో కూర్చున్నంతసేపూ, ఆయన భుజం మీద నుంచి చెయ్యి తీసేది కాదు.

ఈ ఎండాకాలం మొదట్లో ఆ స్టీరియో మొరాయించింది. పెట్టిన సీడీని పెట్టినట్టే బయటికి ఉమ్మేసేది. కొడుకు హర్ష కారుని సువర్ణరాజు షాపుకి తీసుకెళ్లాడు. కార్లకి సీటు కవర్లూ స్టీరియోలూ వేసే షాపు అది. పుష్పావతి కూడా వెళ్లింది.

"రెండు రకాలున్నాయండీ అమ్మగారూ," అన్నాడు సువర్ణరాజు. "సీడీ పట్టేది పాత మాలు, ఒక్కటే మిగిలింది. రెండోది టచ్ స్క్రీన్. పెన్ డ్రైవు, బ్లూటూత్, ఫోన్లో ఉన్నదంతా ఇందులోకి వచ్చేస్తది."

"సీడీదే పెట్టించరా హర్షా. మీ నాన్నకి అలవాటు."

"ఆ సీడీలన్నీ గీతలు పడిపోయాయమ్మా. కొత్త మిషను పెట్టినా అవే కుంటి పాటలు. అవే పాటలు, అదే వరసలో పెన్ డ్రైవులోకి ఎక్కించాను చూడు. అయినా నాన్నకి కావాల్సింది పాటా, రేకా?"

"పాటే అనుకుంటా."

"మరింకేంటి."

"ఇంకొన్నాళ్లు పోతే సీడీ అంటే కాఫీ గ్లాసు కింద పెట్టుకునే బిళ్ల అనుకుంటారు లెండి పిల్లలు," అని నవ్వాడు సువర్ణరాజు.

పుష్పావతి తలూపింది. ఊపింది గాని, పాత స్టీరియో విప్పేదాకా దాని మీంచి చూపు తీయలేదు. కొడుకు చదువుకున్నవాడు, వాడికి తెలుస్తుందిలే అని సర్దిచెప్పుకుంది.

ఆ వారంలోనే చాట్రాయి దగ్గర వాళ్ల తోటకి కాపలా ఉండే శౌరి కొట్టు దగ్గరికొచ్చాడు. "పాత సీడీలేమైనా ఉంటే ఇయ్యండమ్మగారూ. చిలకలు కాయని కాయలా ఉండనివ్వట్లా. సీడీలు కడితే ఆ మెరుపుకి జడిసి రావు. పక్క తోటలోళ్లందరూ కట్టారు." సీడీల సంచి ఎలాగూ ఊరికే పడి ఉందని పుష్పావతే తన చేత్తో ఇచ్చేసింది. ఎర్ర చుక్కది కూడా అందులోనే వెళ్లిపోయింది.

తర్వాతి ఆదివారం ముగ్గురూ తోటకి బయలుదేరారు. ముందు రోజు గాలివాన కొట్టింది. రాలిన కాయ ఎంతో చూసుకోవాలి. నారాయణరావు ఎప్పటిలా ముందు సీట్లో కూర్చున్నాడు. చెయ్యి తలుపు అరలోకి వెళ్లింది. అర ఖాళీ. అక్కణ్ణుంచి సందు దగ్గరికి వెళ్లింది. నున్నటి అద్దం తగిలింది. వేలు తగలగానే అద్దం వెలిగి, లోపలినుంచి ఒక ఆడగొంతు ఇంగ్లీషులో ఏదో అంది.

కాలిన పెనం తగిలినట్టు ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"ఎవరే ఆవిడ?"

"ఎవరూ లేరండీ. మిషను."

"లోపల కూర్చుంది. నన్ను చూసే ఏదో అంది."

"బ్లూటూత్ కనెక్ట్ అయిందని చెప్పింది నాన్నా," అన్నాడు హర్ష నవ్వుతూ.

నారాయణరావు గొంతు తగ్గించాడు. "ఆవిడ ముందు రేట్లు మాట్లాడబోకండి."

హర్ష ఇంకా నవ్వాడు. పుష్పావతికి నవ్వు రాలేదు. ఆయన భుజం మీద చెయ్యి ఇంకాస్త బిగించింది. పాట మొదలైంది, ఆయన పాటే, ఎక్కడా కుంటకుండా నీళ్లలా సాగింది. ఆయన మాత్రం వినడం లేదు. అద్దం అంచుల వెంట గోటితో గీరుతూ సందు వెతుకుతున్నాడు. చాట్రాయి చేరేదాకా వెతుకుతూనే ఉన్నాడు.

తోటలో కారు ఆపి హర్ష శౌరితో రాలిన కాయ చూడ్డానికి వెళ్లాడు. నారాయణరావు దాహం అన్నాడు. శౌరి పాక నాలుగు చెట్ల అవతలే. "ఇక్కడే ఉండండి, కదలకండి" అని చెప్పి పుష్పావతి పాకలోకెళ్లి కుండలోంచి చెంబుతో నీళ్లు ముంచుకొచ్చింది.

కారు తలుపు బార్లా తీసి ఉంది. పాట మోగుతూనే ఉంది. సీట్లో ఆయన లేడు. చెప్పులు మాత్రం కారులోనే ఉన్నాయి.

చెంబు ఎక్కడ పడేసిందో ఆమెకి తెలియదు. "ఏవండీ" అని పిలిచింది. ఆ తోటలో ఎటు చూసినా ఒకటే మాదిరి చెట్లు, కాయల బరువుకి నేలదాకా వంగిన కొమ్మలు, కొమ్మల కింద చీకటి. తోట మధ్యలో గట్టు లేని పాత బావి ఉంది. బోరు వేశాక దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు. చుట్టూ గడ్డి మొలిచి, దగ్గరికెళ్తే తప్ప అక్కడ బావి ఉన్నట్టే తెలియదు.

హర్ష పరిగెత్తుకొచ్చాడు. తల్లి మొహం చూసి ఏమీ అడగకుండా బావి వైపు పరిగెత్తాడు. తిరిగొచ్చేదాకా పుష్పావతి ఒక కొమ్మ పట్టుకుని నిలబడింది.

"లేడమ్మా."

"నీళ్లు కదులుతున్నాయా?"

"పాచి చెదరలేదు."

అప్పుడు ఆమెకి ఊపిరి వచ్చింది, సగమే. శౌరి కంచె వైపు పోయాడు. హర్ష రోడ్డు మీదికి పోయాడు, ఆ రోడ్డున మామిడి లారీలు ఆగకుండా తిరుగుతున్నాయి. పుష్పావతి ఒక్కతే చెట్ల మధ్యకి నడిచింది.

"ఏవండీ, ఏవండీ" అని పిలుస్తూనే ఉంది. పిలిచేకొద్దీ భయం పెరిగింది. ఈ మధ్య ఆయనకి ఆ పిలుపు తనదని గుర్తుండడం లేదు. పోనీ పేరు పెట్టి పిలుద్దామంటే, పెళ్లైన నాటినుంచి ఆ పేరు ఆమె నోటితో అనలేదు. కళ్లు మూసుకుని "నారాయణరావుగారూ" అంది. ఎవరో పరాయి ఆడది పిలిచినట్టుంది. చిలకలు లేచిపోయాయి. మనిషి పలకలేదు.

కాలికింద ఏదో తగిలింది. సీడీ. దారం తెగి నేలమీద పడి ఉంది. గాలికి పడిందేమో అనుకుని దాటబోయింది. తర్వాతి చెట్టు కింద ఇంకొకటి. పైన కొమ్మకి తెగిన దారం కొస వేలాడుతోంది, దాని చుట్టూ ఆకులు నలిగి ఉన్నాయి. ఆ తర్వాతి చెట్టు కిందా అంతే.

గాలి తెంపితే ఇలా వరసగా తెంపదు. ఆయనే ఒక్కొక్కటీ లాగి, ఎర్ర చుక్క లేదని పడేసుకుంటూ పోతున్నాడు. దారి తప్పలేదు, వెతుక్కుంటున్నాడు.

ఆ సంగతి తెలియగానే ధైర్యం రావాల్సింది. కాని పడేసిన సీడీల వెంట చూపు పోనిస్తే అవి బావి వైపు తిరిగాయి.

పరిగెత్తితే అడుగుల చప్పుడుకి ఉలిక్కిపడతాడని, నడవలేక నడిచింది. బావికి ముందున్న పెద్ద రసాల చెట్టు కింద కనిపించాడు. చెట్టుకి, బావికి మధ్య నిలబడి ఉన్నాడు. చేతిలో ఎర్ర చుక్క సీడీ. ఎప్పుడో కొమ్మ నరికిన చోట మానులో ఒక పగులుంది, అందులోకి సీడీని నెడుతున్నాడు. నెట్టి, అది జారితే వెనక్కి తగ్గి, మళ్లీ నెడుతున్నాడు. తగ్గిన ప్రతిసారీ ఆయన మడమలు గడ్డిలోకి పోతున్నాయి. ఆ గడ్డి తర్వాత నేల లేదు.

హర్షని కేకేయాలని నోటిదాకా వచ్చింది. కేకేస్తే ఈయన బెదురుతాడు. వెళ్లి చెయ్యి పట్టుకుంటే విదిలించుకుంటాడు. ఏం చేయాలో తోచక చెట్టుకి ఇవతల నిలబడిపోయింది.

"తీసుకోవట్లేదే," అన్నాడు ఆయన తల తిప్పకుండానే. ఏడుపు గొంతు. "ఎంత నెట్టినా తీసుకోవట్లా."

"అది పాడైందండీ," అంది పుష్పావతి. "ఇందులో పెట్టండి."

రెండు అరచేతులూ దగ్గరికి చేర్చి, మధ్యలో సన్నటి సందు ఉంచి ముందుకి చాపింది.

ఆయన మెడ చాచి ఆ చేతుల సందులోకి చూశాడు. "లోపల ఆవిడుందా?"

"లేదండీ. ఎవరూ లేరు."

ఒక అడుగు ముందుకేశాడు. అంచులు పట్టుకుని సీడీని ఆమె చేతుల మధ్యకి నెట్టాడు. పుష్పావతి గబుక్కున లాగలేదు. ఆ స్టీరియో ఎలా లాక్కునేదో అలాగే, మెల్లిగా లోపలికి లాక్కుంటూ వెనక్కి ఒక అడుగు వేసింది. సీడీ వెంట ఆయనా ఒక అడుగు వేశాడు. ఇంకొక అడుగు. చెట్టు దాటారు. గడ్డి పోయి దున్నిన మట్టి వచ్చింది కాళ్ల కిందికి. అప్పటికి సీడీ మొత్తం ఆమె చేతుల్లో ఉంది.

ఆయన చేతులు దించి నిలబడ్డాడు. పాట కోసం ఎదురు చూస్తున్నాడు.

ఆమె ఎప్పుడూ ఆయన ముందు పాడలేదు. అయినా మొదటి పాట ఎత్తుకుంది. ఆ గొంతుకి చిలకలు కూడా జడుస్తాయి.

"సౌండు తగ్గించు," అన్నాడు నారాయణరావు.

తగ్గించింది. కళ్లనుంచి నీళ్లు కారుతున్నా పాట ఆపలేదు. హర్ష చెట్ల మధ్య నుంచి వచ్చి, వాళ్లనీ వెనకున్న గడ్డినీ చూసి నోరు తెరవబోతే తలతోనే వద్దని సైగ చేసింది.

తిరుగు ప్రయాణంలో ఆయన్ని వెనక సీట్లో తన పక్కన కూర్చోబెట్టుకుంది. హర్ష స్క్రీన్ ఆపేసి, పైన తువాలు కప్పాడు. ఆమె చేతుల మధ్య సీడీ అలాగే ఉంది. ఆయన భుజం పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

"రేపు సువర్ణరాజు దగ్గరికెళ్లి ఆ సీడీది పెట్టించేస్తానమ్మా," అన్నాడు హర్ష. కొంతదూరం పోయాక, "ఇంకా ఉంటే," అన్నాడు.

పుష్పావతి పాడుతూనే ఉంది. జవాబు చెప్పాలంటే పాట ఆపాలి.

మొదటి పాట అయింది. రెండోది కూడా అయింది. మూడోది ఏంటో ఆమెకి గుర్తు రాలేదు. ఇన్నేళ్లు విన్న వరస, నోటి చివర ఉన్నట్టే ఉండి అందడం లేదు. కారులో ఇంజను చప్పుడు తప్ప ఏమీ లేదు. నారాయణరావు చెయ్యి ఒళ్లోంచి లేచింది. తలుపు వైపు పోతుందని ఆమె మోచెయ్యి అడ్డం పెట్టబోయింది.

చెయ్యి తలుపు వైపు పోలేదు. ఆమె చేతుల మీదికి వచ్చింది. రెండు వేళ్లతో, పూర్వం స్టీరియో నెత్తిన తట్టినట్టే, మెల్లిగా తట్టింది.

మూడో పాట వచ్చింది.